ఆన్‌లైన్‌లో బొమ్మలు పెడుతున్నారా? చోరీకి గురైతే ఏం చేయాలి? పోస్ట్ కొట్టే ముందే చూసుకోవాల్సినవి ఇవే

2019 డిసెంబర్‌లో ట్విట్టర్‌లో కొందరు ఆర్టిస్టులు దొంగలకు వల వేశారు. అప్పటికే వాళ్లకు ఓ అనుమానం ఉంది. ఎవరైనా బొమ్మ పోస్ట్ చేయగానే దాని కింద అభిమానులు 'ఇది టీషర్ట్ మీద ఉంటే కొంటా' అని రాస్తే చాలు.. కాసేపటికే అదే బొమ్మతో టీషర్టులు ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్లలో అమ్మకానికి వచ్చేస్తున్నాయి. సంగతి తేల్చుకునేందుకు ఓ ఆర్టిస్ట్ 'ఈ సైట్‌లో అమ్మేది దొంగ సరుకు, కొనొద్దు' అనే అర్థం వచ్చే మాటలతోనే బొమ్మ వేసి, టీషర్ట్ కావాలంటూ కామెంట్లు పెట్టమని ఫాలోవర్లను కోరారు. అనుకున్నట్టే జరిగింది. ఆ మాటలతో సహా టీషర్టులు అమ్మకానికి దిగాయి. ఆ తర్వాత ఇంకొందరు మిక్కీ మౌస్‌ను గీసి, డిస్నీ కంపెనీ మాపై కేసు వేయాలని కోరుకుంటున్నాం అన్నట్టు రాసి వదిలితే, అదీ ప్రింట్‌కు వెళ్లిపోయింది. బొమ్మలను ఎత్తుకెళ్తున్నది కామెంట్లలోని మాటలను పట్టి పనిచేసే బాట్‌లని దాంతో అందరికీ అర్థమైపోయింది.

మన దగ్గర బాట్ దాకా వెళ్లక్కర్లేదు. పెళ్లి జంట క్యారికేచర్, వినాయక చవితి పోస్టర్, పల్లెటూరి రంగుల బొమ్మ.. ఏదైనా సరే, గూగుల్‌లోనో పింటరెస్ట్‌లోనో దొరికితే ఫ్లెక్స్ షాపులోకి, శుభలేఖ మీదకి, ఫోన్ కవర్ మీదకి వెళ్లడానికి నిమిషాలు చాలు. అడిగితే 'నెట్‌లో దొరికింది కదా' అంటారు. నెట్‌లో దొరికినంత మాత్రాన అది ఎవరైనా వాడుకోదగ్గ సొత్తు అయిపోదు. 'క్రెడిట్స్ టు ఓనర్' అని రాసినా అనుమతి తీసుకున్నట్టు కాదు. 30 శాతం మార్చేస్తే కాపీరైట్ వర్తించదన్న మాట బాగా ప్రచారంలో ఉంది కానీ, అలాంటి శాతాల లెక్క చట్టంలో ఎక్కడా లేదు.

ఇంటర్నెట్‌లో పెట్టిన బొమ్మను చోరీ కాకుండా నూటికి నూరు పాళ్లూ ఆపే టూల్ ఏదీ లేదు. కంటికి కనిపించేది ఏదైనా స్క్రీన్‌షాట్‌కు దొరికిపోతుంది. వెబ్‌సైట్‌లో రైట్ క్లిక్ పనిచేయకుండా చేయడం లాంటివి పెద్దగా ఉపయోగపడవు. చేయగలిగింది రెండే. దొంగకు పని కష్టం చేయడం ఒకటి. ఆ బొమ్మ తనదేనని ఆర్టిస్ట్ వెంటనే చూపించగలిగేలా ఆధారాలు దాచుకోవడం రెండోది. చాలామంది మొదటిదాని కోసం యాప్‌ల మీద యాప్‌లు వెతుకుతారు, రెండోదాన్ని వదిలేస్తారు. చివరికి ఫిర్యాదు నిలబడేది మాత్రం రెండోదాని మీదే.

గీసినవాళ్లదే హక్కు.. కానీ ఓ మెలిక ఉంది

భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం పెయింటింగ్, డ్రాయింగ్, శిల్పం, ఫొటో.. ఇవన్నీ కళాకృతులే. బొమ్మ గొప్పగా ఉందా, మామూలుగా ఉందా అన్నది చట్టానికి అనవసరం. ఇంకొకరిది చూసి కొట్టకుండా సొంతంగా గీసి ఉంటే చాలు, గీసిన క్షణం నుంచే కాపీరైట్ వచ్చేస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. బొమ్మ పక్కన గుండ్రటి గీతలో 'సి' అక్షరం పెట్టకపోయినా హక్కు పోదు. బెర్న్ ఒప్పందంలో భారత్ ఉంది కాబట్టి, ఆ ఒప్పందంలో ఉన్న మిగతా దేశాల్లోనూ ఇక్కడి ఆర్టిస్టుకు రక్షణ ఉంటుంది.

ఈ హక్కు ఆర్టిస్ట్ జీవితకాలంతో పాటు, చనిపోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి మరో 60 ఏళ్లు ఉంటుంది. 1925లో కన్నుమూసిన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రాలపై ఆ గడువు ఎప్పుడో ముగిసింది. అదే 2014లో మరణించిన బాపు బొమ్మలైతే 2074 చివరి వరకూ కాపీరైట్‌లో ఉన్నట్టే. 'బాపు బొమ్మ కదా, అందరిదీ' అనుకుని శుభలేఖల మీద, కాఫీ కప్పుల మీద వేసి అమ్మేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

ఇక మెలిక సంగతి. డబ్బు తీసుకుని ఎవరి కోసమైనా పోర్ట్రెయిట్ లేదా పెయింటింగ్ వేస్తే, ఫొటో తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ బొమ్మపై మొదటి కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే! చట్టంలోని 17వ సెక్షన్ ఈ మాట చెబుతోంది. అంటే కమిషన్ మీద పెన్సిల్ పోర్ట్రెయిట్లు, పెళ్లి క్యారికేచర్లు వేసే చాలామంది ఆర్టిస్టులు తమదే అనుకుంటున్న బొమ్మ చట్టం దృష్టిలో కస్టమర్‌ది కావచ్చు. తర్వాత ఎవరైనా దాన్ని దొంగిలిస్తే ఫిర్యాదు చేసే హక్కు కూడా కస్టమర్ దగ్గరే ఉంటుంది. దీన్ని తప్పించుకోవడం పెద్ద పనేం కాదు. ఆర్డర్ తీసుకునేటప్పుడే 'ఈ బొమ్మపై కాపీరైట్ ఆర్టిస్ట్‌దే, కస్టమర్‌కు సొంత వాడకానికి మాత్రమే అనుమతి' అని ఒక్క పేరా రాసి, కస్టమర్‌తో ఒప్పుకున్నట్టు ఈమెయిల్‌లో రిప్లై తీసుకోవాలి. ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మలు మామూలుగా యజమాని సంస్థకే చెందుతాయి, అందుకే అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏం రాశారో చూసుకోకుండా ఆఫీసు పనిని సొంత పేజీలో పెట్టకూడదు.

హక్కులు రాసిచ్చేటప్పుడూ జాగ్రత్త అవసరం. కాపీరైట్ బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. లోగో పోటీలు, పోస్టర్ పోటీల్లో మాత్రం షరతులు పూర్తిగా చదవాల్సిందే. గెలిచిన బొమ్మపైనే కాదు, పంపిన ప్రతి ఎంట్రీపైనా హక్కులు తమవేనని రాసుకునే నిర్వాహకులూ ఉంటారు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లో పెడితే బొమ్మ వాళ్లదైపోతుందనే భయం మాత్రం కొంచెం ఎక్కువే. ఆ యాప్‌లు యజమాన్యాన్ని తీసుకోవు. కానీ బొమ్మను తమ సేవల్లో వాడుకోవడానికి, ఇతరులకు ఆ అనుమతి ఇవ్వడానికి వీలయ్యేంత విస్తృతమైన లైసెన్స్ తీసుకుంటాయి.

బొమ్మ అమ్మేశాక కూడా ఆర్టిస్ట్ దగ్గర మిగిలే హక్కు ఒకటుంది. తన పేరు చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా బొమ్మను పాడు చేయకుండా ఆపే హక్కు. ఇది 57వ సెక్షన్. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో మరమ్మతుల పేరుతో తీసేస్తే ఆయన ఈ హక్కు మీదే కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగివ్వాలని, రూ.5 లక్షల నష్టపరిహారం చెల్లించాలని కేంద్రాన్ని ఆదేశించింది. సంతకం చెరిపేసి బొమ్మను తన పేరుతో పెట్టుకునేవాళ్ల మీద వాడదగ్గ సెక్షన్ కూడా ఇదే.

పోస్ట్ చేసే ముందు పది నిమిషాలు

ముందు ఆధారాల సంగతి. డిజిటల్‌గా వేసేవాళ్లు లేయర్లు విడివిడిగా ఉన్న అసలు ఫైల్‌ను ఎప్పటికీ డిలీట్ చేయకూడదు. దొంగ దగ్గర ఉండేది చివరి బొమ్మ ఒక్కటే. లేయర్లు అతని దగ్గర ఉండవు. ప్రోక్రియేట్ లాంటి యాప్‌లు గీస్తున్నంతసేపూ టైమ్‌ల్యాప్స్ వీడియోను వాటంతటవే రికార్డ్ చేస్తాయి, దాన్ని దాచుకుంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. కాగితం మీద, కాన్వాస్ మీద వేసేవాళ్లు రఫ్ స్కెచ్ దశలో ఒకటి, సగం రంగులు వేశాక ఒకటి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఫొటోగ్రాఫర్లకైతే కెమెరా ఇచ్చే రా ఫైల్ ఉంటుంది. పూర్తయిన బొమ్మను తమకు తామే ఈమెయిల్ చేసుకుంటే తేదీకి ఓ గుర్తు ఉంటుంది. కొందరు బొమ్మను కవర్‌లో పెట్టి తమ అడ్రస్‌కే పోస్ట్ చేసుకుని, తెరవకుండా దాచుకుంటారు. దానితో తేదీ గురించి చెప్పుకోవచ్చేమో కానీ, అది కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు సమానం కాదు.

తర్వాత సైజు. ఏ4 కాగితం మీద నాణ్యంగా ప్రింట్ రావాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. సోషల్ మీడియాలో 1080 పిక్సెళ్ల వెడల్పుతో పెడితే, అదే నాణ్యతకు వచ్చే ప్రింట్ వెడల్పు 3.6 అంగుళాలు మాత్రమే. గోడకు తగిలించే ప్రింట్‌కు అది చాలదు. అయితే ఫోన్ కవర్ వెడల్పు మూడు అంగుళాలే కదా! స్టిక్కర్, బ్యాడ్జ్, కీచైన్ కూడా అంతే. చిన్న సైజులో పెడితే పెద్ద ప్రింట్లు ఆగుతాయి కానీ, ఈ చిల్లర వ్యాపారం ఆగదు. దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌లకు అంత నాణ్యత అక్కర్లేదు, పైగా బొమ్మను పెద్దది చేసే ఏఐ టూల్స్ వచ్చేశాయి. అయినా పెద్ద ఫైల్ పెట్టి దొంగ పని మరీ తేలిక చేయడం ఎందుకు? ప్రింట్ సైజు ఫైల్ ఎక్కడా అప్‌లోడ్ కాకుండా సొంత హార్డ్ డిస్క్‌లోనే ఉంటే, వివాదం వచ్చినప్పుడు అదీ ఆధారమే.

వాటర్‌మార్క్ విషయంలో రెండు పొరపాట్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి మూలన పెట్టడం. కత్తిరించేస్తే పోతుంది. రెండోది అన్ని బొమ్మలకూ ఒకే వాటర్‌మార్క్‌ను ఒకేలా అచ్చు గుద్దినట్టు వేయడం. 2017లో గూగుల్ పరిశోధకులు దీనిపైనే పనిచేశారు. ఒకే వాటర్‌మార్క్ ఉన్న ఫొటోలు చాలా దొరికితే, కంప్యూటర్ ఆ గుర్తును పోల్చుకుని తనంతట తానే శుభ్రంగా తీసేయగలదని చూపించారు. బొమ్మ బొమ్మకూ వాటర్‌మార్క్‌ను కొద్దికొద్దిగా వంచి, మార్చి వేస్తే మాత్రం తీసేసినా మరకలు మిగులుతాయని కూడా తేల్చారు. ఆర్టిస్టులకు ఇందులో పనికొచ్చే విషయం ఉంది. వాటర్‌మార్క్‌ను ముఖం, చేతులు, చీర అంచు లాంటి వివరాలు ఎక్కువగా ఉన్నచోట పల్చగా వేయాలి, ప్రతిసారీ చోటు, వంపు, సైజు మార్చాలి. ఇంకా మంచిది, సంతకాన్ని బొమ్మలోనే కలిపేయడం. గోడ మీద రాతలా, కొంగు మీద డిజైన్‌లా, చెట్టు బెరడులో గీతలా.

ఇప్పటి ఏఐ టూల్స్ వాటర్‌మార్క్‌ను తీసేస్తున్నాయి కదా, ఇంకెందుకు అనే ప్రశ్న వస్తుంది. ఎందుకంటే తీసేయడమే ఇంకో నేరం కావచ్చు. బొమ్మకు సంబంధించిన రచయిత పేరు, యజమాని వివరాలను 'హక్కుల నిర్వహణ సమాచారం' అంటారు. అనుమతి లేదని తెలిసి కూడా దాన్ని తొలగిస్తే కాపీరైట్ చట్టంలోని 65బి సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. పేరు తీసేసినవాడు 'ఎవరిదో తెలియక వాడుకున్నా' అని చెప్పడం కష్టం.

ఫైల్ లోపల కనిపించకుండా ఉండే మెటాడేటాలోనూ పేరు, ఈమెయిల్, కాపీరైట్ లైన్ రాసుకోవచ్చు. ఫొటోషాప్, లైట్‌రూమ్‌లలో ఈ సౌకర్యం ఉంది. సొంత వెబ్‌సైట్‌లో పెట్టిన బొమ్మలకు ఇది బాగా ఉపయోగం, గూగుల్ ఇమేజెస్ ఆ వివరాలను చూపిస్తుంది కూడా. కానీ సోషల్ మీడియా యాప్‌లు చాలావరకు అప్‌లోడ్ సమయంలోనే దీన్ని తుడిచేస్తాయి. వాట్సాప్‌లో దీనికి రివర్స్‌లో ఓ చిక్కు ఉంది. బొమ్మను మామూలు ఫొటోగా పంపితే కుదించి పంపుతుంది. 'డాక్యుమెంట్'గా పంపితే అసలు ఫైల్ అసలు సైజులో వెళ్లిపోతుంది. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే దాంతో పాటే ఇంటి లొకేషన్ కూడా వెళ్లొచ్చు. కస్టమర్‌కు శాంపిల్ చూపించేటప్పుడు చిన్న సైజు, వాటర్‌మార్క్ ఉన్న బొమ్మనే పంపి, డబ్బులు మొత్తం అందాకే అసలు ఫైల్ ఇవ్వాలి.

చీరల డిజైన్లు వేసేవాళ్లకు వేరే లెక్క

గోడకు తగిలించే పెయింటింగ్‌కు, చీర మీదో దుప్పట్టా మీదో ప్రింట్ చేయడానికే గీసిన డిజైన్‌కు చట్టంలో తేడా ఉంది. బట్టల కోసమే తయారు చేసిన, డిజైన్ల చట్టం 2000 కింద రిజిస్టర్ చేయడానికి వీలున్న డిజైన్‌ను రిజిస్టర్ చేయకుండా వదిలేసి, మెషీన్ మీద 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. మరి రిజిస్టర్ చేద్దామంటే అది కొత్తది అయి ఉండాలి, అంతకుముందు ఎక్కడా బయటపెట్టి ఉండకూడదు. అంటే ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, లైకులు బాగా వచ్చాయని తర్వాత రిజిస్ట్రేషన్‌కు వెళ్తే దారి మూసుకుపోయినట్టే. బొటిక్‌లు నడిపేవాళ్లు, టెక్స్‌టైల్ డిజైనర్లు ముందు దరఖాస్తు, తర్వాతే పోస్ట్ అన్న క్రమం పాటించాలి. రిజిస్టర్ అయితే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది.

శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల నకాశీ చిత్రాలు, పోచంపల్లి ఇక్కత్‌లకు జీఐ గుర్తింపు ఉంది కాబట్టి భయం లేదనుకునే కళాకారులూ ఉన్నారు. జీఐ కాపాడేది ఆ ప్రాంతం పేరును. వేరేచోట స్క్రీన్ ప్రింట్ కొట్టి 'శ్రీకాళహస్తి కలంకారీ' అని అమ్మకుండా అది ఆపగలదు. ఫలానా కళాకారుడు సొంతంగా కూర్చిన ఫలానా బొమ్మను మాత్రం కాపీరైటే కాపాడాలి. సంప్రదాయ కథ అందరిదీ అయినా, దాన్ని చిత్రించిన తీరు ఆ కళాకారుడి సొంతం.

ఏఐ మింగేస్తే?

2025 మార్చి చివర్లో చాట్‌జీపీటీ గిబ్లీ స్టైల్ ఫొటోలతో తెలుగు ఫేస్‌బుక్ కూడా నిండిపోయింది. అప్పుడే చాలామంది ఆర్టిస్టులకు రేపు తమ స్టైల్ పరిస్థితి ఏంటన్న దిగులు పట్టుకుంది. కాపీరైట్ ఆలోచనకు, శైలికి ఉండదు, వాటిని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుంది. 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఆలోచనల విషయంలో ఈ సంగతి స్పష్టం చేసింది. కాబట్టి 'నా స్టైల్ కొట్టేశారు' అన్న ఫిర్యాదు నిలబడటం కష్టం. తమ బొమ్మలనే అనుమతి లేకుండా ఏఐ శిక్షణకు వాడారన్నది వేరే ప్రశ్న. దీనిపై 2023 జనవరిలో ముగ్గురు ఆర్టిస్టులు అమెరికాలో స్టెబిలిటీ ఏఐ, మిడ్‌జర్నీ, డీవియంట్‌ఆర్ట్‌లపై కేసు వేశారు.

షికాగో యూనివర్సిటీ పరిశోధకులు ఉచితంగా ఇస్తున్న గ్లేజ్, నైట్‌షేడ్ అనే రెండు టూల్స్ ఉన్నాయి. మన కంటికి పెద్దగా తేడా కనిపించకుండా పిక్సెళ్లను మార్చి, మొదటిది ఏఐ ఆ ఆర్టిస్ట్ శైలిని సరిగా నేర్చుకోకుండా చేస్తుంది. రెండోది ఏఐకి బొమ్మలో ఉన్నది వేరేదిగా కనిపించేలా తికమక పెడుతుంది. వీటికీ హద్దులున్నాయి. ఇలాంటి రక్షణను గుర్తుపట్టి తొలగించే లైట్‌షెడ్ అనే పద్ధతిని 2025లో మరో పరిశోధక బృందం చూపించింది. పైగా ఇవి ఏఐ శిక్షణను మాత్రమే ఇబ్బంది పెడతాయి, బొమ్మను మామూలుగా డౌన్‌లోడ్ చేసి ప్రింట్ కొట్టే వాడిని ఆపలేవు.

రిజిస్ట్రేషన్ ఖర్చు ఎంత? అన్నింటికీ అవసరమా?

కాపీరైట్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక్కో కళాకృతికి ఫీజు రూ.500. వస్తువుల మీద, సరుకు ప్యాకింగ్ మీద వాడే బొమ్మకైతే రూ.2 వేలు, దానికి ట్రేడ్‌మార్క్ ఆఫీస్ సర్టిఫికెట్ కూడా జత చేయాలి. దరఖాస్తు తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాతే పరిశీలన మొదలవుతుంది. చేతిలో సర్టిఫికెట్ ఉంటే కోర్టు దాన్ని ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. తనది కాదని నిరూపించాల్సిన బరువు అవతలివాళ్ల మీద పడుతుంది.

అలాగని ఏడాదికి 100 బొమ్మలు వేసే వ్యక్తి అన్నింటికీ కట్టాలంటే రూ.50 వేలు. అంత అక్కర్లేదు. పుస్తకం ముఖచిత్రం, పదేపదే వాడే క్యారెక్టర్, ప్రింట్లుగా బాగా అమ్ముడయ్యే బొమ్మ.. ఇలా డబ్బు తెచ్చేవాటికి చేయిస్తే సరిపోతుంది.

చోరీ అయిందని తెలిశాక

ముందు అసలు తెలియాలి కదా. నెలకోసారి తమ ముఖ్యమైన బొమ్మలను గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో వెతికితే చాలావరకు బయటపడతాయి. ఈ రెండూ ఉచితమే. బొమ్మను తిప్పేసి పెట్టేవాళ్లు ఉంటారు కాబట్టి ఎడమ కుడి మార్చిన కాపీతో కూడా ఓసారి వెతకాలి.

దొరికాక చాలామంది చేసే మొదటి పని ఆ పోస్ట్ కింద కోపంగా కామెంట్ పెట్టడం, స్టోరీలో ట్యాగ్ చేసి తిట్టడం. దాంతో అవతలివాడు డిలీట్ చేసేస్తాడు, సాక్ష్యం పోతుంది. కోపాన్ని ఓ గంట ఆపుకుని ముందు అన్నీ భద్రం చేసుకోవాలి. లింక్, తేదీ, సమయం కనిపించేలా పూర్తి స్క్రీన్‌షాట్లు తీయాలి. స్క్రీన్ రికార్డింగ్ కూడా చేస్తే మంచిది. వెబ్ పేజీ అయితే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయాలి. వస్తువుగా అమ్ముతుంటే ఒకటి కొనాలి. అవును, తమ బొమ్మనే డబ్బిచ్చి కొనాలి. ఆ బిల్లు మీద సెల్లర్ పేరు, అడ్రస్, జీఎస్‌టీ నంబర్ దొరుకుతాయి. వస్తువు చేతిలో ఉంటే అమ్మలేదని బుకాయించడం కుదరదు. ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం సైట్లు సెల్లర్ వివరాలు చూపించాలి కూడా. కేసు కోర్టుకెళ్తే డిజిటల్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాల్సి ఉంటుంది. అందుకే స్క్రీన్‌షాట్లు ఏ ఫోన్‌లో తీశారో అందులోనే ఒరిజినల్స్ ఉంచుకోవాలి.

ఆ తర్వాత ఎవరితో మాట్లాడాలన్నది చోరీ చేసినవాళ్లను బట్టి ఉంటుంది. ఊళ్లో ఫ్లెక్స్ షాపో, ఏదో ఫ్యాన్ పేజీనో అయితే మర్యాదగా ఓ మెసేజ్‌తో పని జరగొచ్చు. పేరు వేయమనో, తీసేయమనో, వాడుకున్నందుకు ఇంత ఇవ్వమనో సూటిగా అడగాలి. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. అమ్ముకుంటున్న సెల్లర్ అయితే నేరుగా ఆ సైట్‌కే ఫిర్యాదు చేయడం మేలు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో.. అన్నింటికీ కాపీరైట్ లేదా మేధోహక్కుల ఫిర్యాదు ఫారమ్‌లు ఉన్నాయి. మామూలు 'రిపోర్ట్' బటన్ నొక్కి వదిలేస్తే అది స్పామ్ ఫిర్యాదుల్లో కలిసిపోతుంది, కాపీరైట్ ఫారమ్‌నే వెతికి నింపాలి. అసలు బొమ్మ లింక్, చోరీ అయిన ప్రతి పేజీ లింక్ విడివిడిగా ఇవ్వాలి. 'నా బొమ్మలన్నీ కొట్టేశారు' అంటే పని జరగదు.

ఇక్కడ ఓ జాగ్రత్త. ఫిర్యాదు చేసినవారి పేరు, ఈమెయిల్‌ను ఈ ప్లాట్‌ఫామ్‌లు అవతలివాళ్లకు ఇచ్చే అవకాశం ఉంది. ముఖ్యంగా మహిళా ఆర్టిస్టులు సొంత ఈమెయిల్ కాకుండా, పని కోసం వేరేగా తెరిచిన ఈమెయిల్ వాడటం మంచిది.

అమెరికన్ సైట్లు తమ దేశంలోని 1998 నాటి డీఎంసీఏ చట్టం ప్రకారం బొమ్మను తొలగిస్తాయి. అవతలివ్యక్తి 'అది నాదే' అని ఎదురు నోటీస్ ఇస్తే, ఫిర్యాదుదారు కోర్టుకు వెళ్లని పక్షంలో 10 నుంచి 14 పనిదినాల్లో మళ్లీ పెట్టేస్తాయి. మన దగ్గర కాపీరైట్ నిబంధనలు 2013లోని 75వ నిబంధన ఉంది. రాతపూర్వక ఫిర్యాదు సరిగ్గా ఉందని తేలితే సైట్ 36 గంటల్లో ఆ బొమ్మ కనిపించకుండా చేయాలి. కానీ అది 21 రోజులే. ఈలోగా కోర్టు ఉత్తర్వు తెస్తానని ఫిర్యాదులోనే హామీ ఇవ్వాలి, తేకపోతే సైట్ దాన్ని తిరిగి పెట్టేయొచ్చు. ఎవరి మీద పడితే వాళ్ల మీద ఫిర్యాదులు చేయడమూ ప్రమాదమే. ఆధారం లేని బెదిరింపులకు గురైనవాళ్లు 60వ సెక్షన్ కింద ఎదురు కేసు వేయొచ్చు.

సినిమా హీరోల ఫ్యాన్ ఆర్ట్ వేసి ప్రింట్లు అమ్మేవాళ్లు తాము ఫిర్యాదు చేసే ముందు తమ పరిస్థితి కూడా చూసుకోవాలి. పోస్టర్‌ను చూసి గీస్తే ఆ పోస్టర్ హక్కులు నిర్మాతవి. హీరో రూపం, పేరు వాడుకుని వ్యాపారం చేస్తే వ్యక్తిత్వ హక్కుల ప్రశ్న వస్తుంది. నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి ఇలాంటి రక్షణే తెచ్చుకున్నారు, అనుమతి లేని వస్తువుల అమ్మకాలు కూడా ఆ పిటిషన్‌లో ఉన్నాయి.

ఫారమ్‌లతో పని జరగకపోతే లాయర్ నోటీస్. దానికీ కదలకపోతే పోలీసులు, కోర్టు. తెలిసి చేసిన కాపీరైట్ ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. 'ఇది సివిల్ మ్యాటర్' అని స్టేషన్‌లో వెనక్కి పంపితే గుర్తు చేయాల్సిన తీర్పు ఒకటుంది. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పోలీసులు కోర్టు అనుమతి కోసం ఆగకుండా కేసు నమోదు చేయొచ్చు. సబ్ ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి అధికారి దొంగ కాపీలను, వాటిని తయారు చేసే ప్లేట్లను వారెంట్ లేకుండానే సీజ్ చేయొచ్చు.

నష్టపరిహారం కావాలంటే మాత్రం సివిల్ దావానే దారి. అమ్మకాలు ఆపాలన్న ఇంజంక్షన్, వచ్చిన లాభాల లెక్క, నష్టపరిహారం.. మూడూ అడగొచ్చు. అమ్మినవాడు సూరత్‌లోనో ఢిల్లీలోనో ఉన్నాడు, అక్కడికెలా తిరగాలని ఆగిపోయేవాళ్లకు కాపీరైట్ చట్టంలోనే ఓ వెసులుబాటు ఉంది. 62వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోట, లేదా పనిచేసుకునే చోట ఉన్న జిల్లా స్థాయి కోర్టులోనే దావా వేయొచ్చు. కరీంనగర్ ఆర్టిస్ట్ కరీంనగర్‌లో, విజయనగరం ఆర్టిస్ట్ విజయనగరంలో వేస్తే, సూరత్ సెల్లరే ఇక్కడికి రావాలి.